అణా కట్టని పింఛను

మా బావ ఫైరింజన్ మీద గంట పక్కన కూర్చునే మనిషి. ఇంజను రోడ్డెక్కితే గంట కొట్టడం ఆయన పని. నిప్పు దగ్గరికి చేరాక గొట్టం పట్టుకుని ముందు దూరడమూ ఆయన పనే. మొదటిదాన్ని ఊరంతా చూసేది కనుక ఆయన దాని గురించే ఎక్కువ చెప్పుకునేవాడు. పెళ్ళయి నేను బళేపేటకు కాపురానికి వచ్చేనాటికే ఆయనకు తల సగం నెరిసింది. మా అంగడికి రెండిళ్ళ అవతల ఆయనా, మా అక్కా ఉండేవారు. వాళ్ళకు పిల్లల్లేరు. అక్క పొద్దున్నే ఆయన ఇత్తడి టోపీని చింతపండు పెట్టి తోమి వాకిట్లో ఎండకు పెట్టేది. బావ దాన్ని నెత్తిన పెట్టుకుని వీధిలో నడిస్తే, నిప్పు లేకపోయినా ఎక్కడో అంటుకుందేమోనని జనం పక్కకు తప్పుకునేవారు.

మా ఆయనది ఇనుప సామాన్ల వ్యాపారం. మేకులూ తాళాలూ బకెట్లూ అమ్మేవాడు. అభిప్రాయాలు మాత్రం ఉచితంగా ఇచ్చేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు మా అంగడి అరుగు మీద సభ చేరేది. అవి యుద్ధం రోజులు. బియ్యానికి రేషను, కిరోసిన్‌కు క్యూ. సభవాళ్ళు రోజూ ముందు జర్మనీని ఓడించి, ఆ తరువాత మునిసిపాలిటీ మీద పడేవారు. పక్క బట్టలంగడి పెద్దాయన అధ్యక్షుడు. ఆయన్ను ఎవరూ ఎన్నుకోలేదు, అరుగు మీద గోడకు ఆనుకునే చోటు ఆయనది, అంతే.

ఒక సాయంత్రం బావ ఆఫీసులో పంచిన నోటీసు పట్టుకొచ్చాడు. అది ఇంగ్లీషులో ఉంది. అరుగు మీద ఇంగ్లీషు వచ్చినవాడు మా ఆయనే కనుక ఆయన గొంతు సవరించుకుని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. పోలీసులకూ ఫైరింజన్ వాళ్ళకూ కొత్త ఏర్పాటు వస్తోంది. నెలనెలా జీతంలో కొంత పట్టుకుంటారు, దానికి సర్కారు కొంత కలుపుతుంది. ఇష్టమున్నవాళ్ళు చేరవచ్చు, లేనివాళ్ళకు ఏమీ కట్టనక్కరలేని పాత పింఛనే ఉంటుంది.

"పోలీసోళ్ళ పింఛనుకు వాళ్ళు కట్టేదేందప్పా?" అన్నాడు పెద్దాయన. "మనం దినామూ కడతానే ఉండాము గదా!"

సరిగ్గా అప్పుడే మా వీధి బీటు కానిస్టేబులు అరుగు చివర కూర్చుని మా ఇంటి కాఫీ తాగుతున్నాడు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వాడు. నవ్వు అయ్యాక లోటా ముందుకు చాపి ఇంకొంచెం పోయించుకున్నాడు.

బావ నవ్వలేదు. "నిప్పులో దూరేది నేను. పొగ మింగేది నేను. ఆపైన దుడ్డు కట్టేదీ నేనేనా? సర్కారు పెడితే అది పింఛను. నేనే కట్టుకుంటే అది చీటీ. చీటీ వేసేదానికి నాకు సర్కారేల?" అన్నాడు.

అందులో న్యాయం లేకపోలేదు. చాలీచాలని ఆ జీతంలో ఇంకా కోస్తామంటే ఎవరికైనా మండుతుంది. సభ మొత్తం భేష్ అంది. మా ఆయన ఆ ఊపులో నోటీసు కింది భాగానికి వచ్చి, "ఉద్యోగి ఒకవేళ..." అని చదివి ఆగాడు. బావ ముఖం చూశాడు. తలుపు వెనక అక్కా నేనూ నిలబడి ఉన్నామని ఆయనకు తెలుసు.

"ఆఁ, ఇంకేదో ఉండాది లే. అది మనకొద్దు," అని కాగితం మడిచేశాడు.

ఏం ఉందో అందరికీ అర్థమైంది. పెద్దాయన తల ఊపి మాట మార్చాడు.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అడిగాను. మా ఆయన గొంతు తగ్గించి, "మనిషి పోతే ఆ కూడబెట్టిన దుడ్డంతా పెండ్లానికి ఇస్తారంట. పాత పింఛనైతే ఆయప్ప ఉన్నంతవరకే. అట్లాంటి మాట ఎదురుగా కూచున్న మనిషి ముఖాన ఎవరన్నా చదువుతారా? అశుభం," అన్నాడు. ఇదే మనిషి మా అంగడికి అగ్ని ప్రమాదం ఇన్సూరెన్సు కట్టేవాడు. అంగడి తగలబడుతుందనుకోవడం మాత్రం ఆయన దృష్టిలో శుభమే కాబోలు.

మర్నాడు కొళాయి దగ్గర అక్కకు చెప్పాను. బిందె నిండి పొర్లుతున్నా అక్క కొళాయి కట్టలేదు.

"నేనెట్ల అడిగేదే? పుస్తె మెడలో పెట్టుకొని, నువ్వు పోయినాంక నాకేమొస్తాదని అడిగేదా?" అంది. తరువాత కొళాయి కట్టి, "నువ్వు మరదలివి. తమాషాకు అన్నట్ల అడగచ్చు," అంది.

ఆదివారం వాళ్ళింట్లో భోజనం. రాగిముద్ద, పులుసు. బావ మంచి హుషారుగా ఉన్నాడు. ఇదే అదను అనుకుని, "బావా, సర్కారుకు కట్టకపోతే పోనీ, మా అక్క కోసం కట్టు. నువ్వు గంట కొట్టుకుంటా పైకి పోతే ఇది నా నెత్తిన కూచుంటాది. దీన్ని సాకేది నా వల్ల కాదప్పా," అన్నాను.

బావ చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. "నేనెప్పుడు పోతానా అని చూస్తాండారా మీరు?"

"నీ నోట్లో మన్ను పడ! కూటి కాడ ఏం మాటలే అవి?" అని అక్క నన్ను నలుగురికీ వినబడేలా తిట్టింది. తిడుతున్నంతసేపూ నా చీర చెంగు చాటున నా మణికట్టు గట్టిగా పట్టుకునే ఉంది. ఇంకోసారి అడగమని ఆ పట్టు. కానీ బావ అప్పటికే లేచి చెయ్యి కడుక్కుంటున్నాడు. ఆ రోజు అక్క మీద నాకు కలిగినంత జాలి, అరుగు సభ మీద కలిగినంత కోపం మళ్ళీ ఎన్నడూ కలగలేదు.

బావ కొత్త ఏర్పాటు వద్దని ఆఫీసులో చెప్పి వచ్చాడు. అరుగు మీద పెద్దాయన ఆయన మెడలో మల్లెపూల దండ వేశాడు. జీతంలో అణా కోత పెట్టించుకోని మగవాడని పొగిడారు. అందరూ చప్పట్లు కొట్టిన చేతులతోనే, వసూలుకు వచ్చిన చీటీ మనిషికి నెల వాయిదా చెల్లించారు.

యుద్ధం అయిపోయాక బావ రిటైరయ్యాడు. మొదటి పింఛను తెచ్చిన రోజు వీధంతా మైసూరుపాకు పంచాడు. ఇంజను గంట వినబడితే మాత్రం వాకిట్లోకి వచ్చి, "వీడికి గంట కొట్టేది రాలేదు," అని గొణుక్కునేవాడు. మరుసటి వానకాలంలో దగ్గు పట్టుకుంది. అన్నేళ్ళు మింగిన పొగ రొమ్ములోనే ఉండిపోయిందని డాక్టరు అన్నాడు. ఆ దగ్గుతోనే పోయాడు. నాకు ఆయనంటే చాలా ఇష్టం. గొప్పలు చెప్పుకున్నా నిజంగా నిప్పులో దూరిన మనిషి.

మా ఆయన పింఛను ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడట. పింఛను పోయినాయనది గదా, ఆయనతోనే ఆగిపోతుందన్నాడట. నోటీసులో అంతా రాసి ఉందే, ఎవరూ చదవలేదా అని కూడా అడిగాడట. ఆ రెండో మాటను మా ఆయన ఇంటికి వచ్చి నాకూ అక్కకూ చెప్పాడు. అంతవరకు నిజాయితీ గలవాడే.

కర్మలు ముగిసిన రోజు సాయంత్రం అందరూ మా అరుగు మీదే చేరారు. పెద్దాయన గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"సింహమప్పా. బతికినన్నాళ్ళూ సర్కారుకు ఒక్క అణా కట్టలేదు," అన్నాడు.

మా అక్క తలుపు దాటి అరుగు మీదికి వచ్చింది. ఏ ఆడదీ ఆ అరుగెక్కగా నేను చూడలేదు.

"ఆ పొద్దు చదవకుండా కాగితం మడిచిపెట్టినారే, ఆ మాట ఇప్పుడు చదవచ్చునా అప్పా? ఇంక నాకు అశుభమేముండాది?" అంది.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"ఇట్లాంటి దినాన దుడ్డు మాట ఎత్తగూడదమ్మా."

మా ఆయన కూడా అవునన్నట్టు తల ఊపాడు. నేను అప్పుడే కాఫీ లోటాల పళ్ళెంతో గడప దగ్గరికి వచ్చాను. పళ్ళేన్ని ఒక చేత్తో చంకకు ఆనించి, రెండో చేత్తో అక్కను పట్టుకుని లోపలికి తీసుకుపోయి తలుపు వేశాను. ఆ కాఫీ అంతా మేమిద్దరమే తాగాము.