మజ్జిగకు వేసిన వాటా

సుధేష్ణ కుదురుగా కూర్చోగా నేను ఎన్నడూ చూడలేదు. డబ్లిన్ దగ్గర కార్లో అనే ఊళ్ళో మేమిద్దరం ఒకే ఇంట్లో అద్దెకుండి చదువుకునేవాళ్ళం. 2021 ఫిబ్రవరి, లాక్‌డౌన్. ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదు. ఈవిడ మాత్రం హాల్లోనే రోజుకు ఐదు కిలోమీటర్లు నడిచేది. చూస్తుంటేనే నాకు తల తిరిగేది.

ఆమె ప్రాజెక్టు వెన్న మీద. ఊరి చివర చిన్న డెయిరీ నడిపే మార్తా వెన్నకూ, న్యూజిలాండ్ నుంచి ఓడలో వచ్చే వెన్నకూ కిలోకి ఎంత కార్బన్ గాలిలో కలుస్తుందో పోల్చాలి. మార్తా మంచి మనిషి. ఉప్పు వెన్నతో నెయ్యి కాయలేక మేం పడే తిప్పలు విని పడీ పడీ నవ్వేది. ఆమె వెన్నకు కార్బన్ సగమేనని సుధేష్ణ తేల్చింది. మార్తా సంబరపడి ఆ మాట లేబుళ్ళ మీద అచ్చు వేయించింది. అది చూసి డబ్లిన్‌లో ఒక పెద్ద కొట్టు సోమవారం నుంచి సరుకు పంపమంది. హోటళ్ళు మూతపడ్డాక ఆమెకు దొరికిన ఒకే ఒక్క ఆర్డర్ అది.

గురువారం పొద్దున సుధేష్ణ ల్యాప్‌టాప్ ముందు నుంచి దిగ్గున లేచింది.

“ఆమనీ, కొంప మునిగిందే!”

“ఏమైంది? మళ్ళీ నెట్ పోయిందా?”

“మజ్జిగే! వెన్న తీశాక మిగిలే మజ్జిగని మార్తా ఏం చేస్తుందో అడగనే లేదు. మనింట్లోలా తాగేస్తారనుకుని సగం కార్బన్ దాని వాటాగా తోసేశా. న్యూజిలాండ్‌దానికేమో మొత్తం వెన్న మీదే వేశా.”

“ఎవరికి తెలుస్తుందే? నోరు మూసుకుని ఊరుకో,” అన్నాను. నిజంగానే అన్నాను.

ఆ రోజంతా ఆమె ముద్ద ముట్టలేదు, నడక ఆపలేదు. శుక్రవారం విసుగెత్తి నేనే మార్తా గేటు దాకా తీసుకెళ్ళాను. మార్తా మాస్కు పెట్టుకుని గేటు అవతల నిలబడింది.

“మజ్జిగా? పందులకు పోస్తాను. ఎవరు తాగుతారు దాన్ని?”

సుధేష్ణ అక్కడే గట్టు మీద కూలబడి, మనుషులు తాగని మజ్జిగకు కార్బన్‌లో వాటా వేయకూడదంటూ మొత్తం చెప్పేసింది.

“మరి అసలు తేడా ఎంత?” అంది మార్తా.

“దాదాపు ఏమీ లేదు. కార్బన్ అంతా ఆవుల దగ్గరే. ఓడ వల్ల పెరిగేది కొంచెమే.”

మార్తా మా ముందే కొట్టుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అయితే వద్దన్నారు. ఇక్కడ ఏం జరిగినా ఫర్వాలేదన్నట్టు “గ్రాండ్” అంటారు కదా, మార్తా ఆ మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

దారి పొడవునా సుధేష్ణ ఏడుస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు.

మంగళవారం గుమ్మంలో వెన్న ముద్ద ఒకటి కనిపించింది. లేబుల్ మీది కార్బన్ మాటను నల్ల సిరాతో కొట్టేసి, కింద చేత్తో రాసి ఉంది: “ఉప్పు వేయలేదు. మీ నెయ్యికి.”

వెంటనే పొయ్యి మీద పెట్టాను. కమ్మటి వాసన లేచేసరికి సుధేష్ణ వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

“కాస్త అన్నం పెట్టవే,” అంది.