కైలాసంలో అన్నం ఉడకదు

భూగోళం పాఠం చెప్పి ఒక ఇల్లాలి కడుపు మాడ్చిన ఘనుణ్ణి నేను. నమ్మకపోతే వినండి.

ఎవరెస్టు మీదుగా విమానం ఎగిరిందని పేపర్లలో పడిన ఏడాది, ఏలూరులో ట్రైనింగు ముగించుకుని కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో మాస్టరుగా చేరాను. నా బుర్ర నిండా పర్వతాలే. ఆ ఊళ్ళోనేమో చేలగట్టును మించిన ఎత్తు లేదు. నా భోజనం వెంకమ్మగారింట్లో. ఆవిడ భర్త కైలాస పర్వతం చూసొస్తానని ఉత్తరాదికి వెళ్ళాడు. మళ్ళీ కబురు లేదు.

ఒకరోజు వడ్డిస్తూ ఆవిడ అడిగింది. "మాస్టారూ, కైలాసం మన ద్వారకా తిరుమల కొండంత ఉంటుందాండీ?"

పగలబడి నవ్వాను. "ఎంతమాట పిన్నిగారూ! అది హిమాలయాలకి అవతల, టిబెట్టులో ఉందండీ. ఇరవై రెండు వేల అడుగులు! చుట్టూ చెట్టన్నది మొలవదు. ఊపిరి కూడా సరిగ్గా ఆడదు."

"మరి అన్నం?"

అక్కడ నోరు మూసుకోవాలా? నా చదువు మూసుకోనిస్తేగా! "అంత ఎత్తులో నీళ్ళు మరుగుతాయి గానీ వేడి చాలదండీ. ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా అన్నం పలుకే, ఉడకదు!"

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. "ఆయనకి పొగలు కక్కే అన్నమైతే గాని ముద్ద దిగదండీ..."

మర్నాటి నుంచి ఆవిడ పలుకన్నమే తినసాగింది. కుండ ఒకటే గనక నాకూ అదే. నా కడుపు తిరగలిలా గరగరలాడింది.

"నేను పొరబడ్డానండీ. కొండ కింద సత్రాలున్నాయట. అన్నం మల్లెపూవులా ఉడుకుతుందట" అని బొంకాను.

"మీకు అబద్ధం చెప్పడం చేతకాదు మాస్టారూ" అంది. రోజురోజుకీ చిక్కిపోయింది.

వానలు పడే ముందు, ఆయనతో యాత్రకు వెళ్ళిన దెందులూరు మనిషి వచ్చాడు. తల వంచుకుని చెప్పాడు. "ఆయన కొండదాకా రానే లేదమ్మా. హరిద్వారంలోనే జ్వరమొచ్చి పోయారు. నిరుడే."

ఆవిడ నావైపు తిరిగింది. "అక్కడ అన్నం ఉడుకుతుందాండీ?"

"ఉడుకుతుందండీ." ఈసారి అబద్ధం కాదు.

"పోనీలెండి. వేడన్నం తినే పోయారన్నమాట" అని, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా ఏ కొండ సంగతి అడిగినా, "అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారాండీ?" అని ముందు కనుక్కుంటాను. ఉన్నారంటే మాత్రం, నేను లెక్కల మాస్టర్ని.