నేను ఉతికిన చొక్కాల ఆట

ఇది ఎప్పుడో రాయవలసినది. మనసు లేక కాదు, అక్షరాలు రాక రాయలేకపోయాను. వయసు మళ్ళాక, ఇక్కడే కువైట్‌లో, ఖైతాన్ పేటలో కూతురి దగ్గర ఉంటూ, మనవరాలి పక్కన కూర్చుని అ ఆలు దిద్దుకున్నాను. నిన్న హవల్లీకి బస్సులో పోతుంటే ఒక బడి మైదానంలో పిల్లలు కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతూ కనిపించారు. వాళ్ళనే చూస్తూ దిగవలసిన చోటు దాటిపోయాను.

నా ఈడు వాళ్ళకు తెలుసు, రాయచోటి వైపు నుంచి ఇళ్ళలో పనికి వచ్చిన మాలాంటి ఆడవాళ్ళకు ఆ రోజుల్లో కువైట్ అంటే ఒక ఇల్లు, ఆ ఇంటి మిద్దె, అంతే. మా యజమానురాలిని, అందరిలాగే, అరబ్బీలో అమ్మా అన్నట్టు, మామా అని పిలిచేదాన్ని. ఆమె కొడుకు ఒక చిన్న కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు నాయకుడు. జట్టన్నది పేరుకే; ఎవరికైనా కాలు బెణికితే ఆ చోటికి ఇంకొకరు దొరకడమే కష్టం. చొక్కాలు ఉతికించే ఏర్పాటు కూడా కాలేజీకి లేదు కనుక, ప్రతి శుక్రవారం ఆట అయ్యాక సాయంత్రం ఆ మూట మా ఇంటికే వచ్చేది.

ఆ ఏడాదంతా వాళ్ళు ఓడిపోతూనే ఉన్నారు. నేను మాత్రం ఒక్క ఆటా చూడలేదు. శుక్రవారం మామా చుట్టాలందరూ భోజనానికి వచ్చే రోజు, గడప దాటే వీలుండేది కాదు. నాకు తెలిసిందల్లా మోచేతుల దగ్గరి చిరుగులు, వీపుల మీది గడ్డి పసరు. డ్రైవరు, మా ఊరి వైపు సాయిబే, మూట దించుతూ నవ్వేవాడు: "గెలుపు అవతలోళ్ళకిచ్చి మట్టి మనకు తెచ్చినారక్కా."

చివరి ఆట వారం మామా కొడుకు వంటింట్లోకి వచ్చి, "ఇన్నాళ్ళూ ఉతికావు, ఈసారి నువ్వూ రావాలి" అన్నాడు. తల్లిని కూడా ఒప్పించాడు. "గిన్నెలు కడిగి పో" అంది ఆమె. పెట్టె అడుగున ఉన్న మంచి చీర తీసి ఇస్త్రీ చేసుకున్నాను.

ఇంట్లో బట్టలు ఆరబెట్టే మిషను ఉంది. కానీ ఎండ తగలని గుడ్డ ఉతికినట్టే కాదనే ఇంట్లో పెరిగినదాన్ని. అంత మంచి ఆటకని చొక్కాలన్నీ మోసుకెళ్ళి మిద్దె మీద ఆరేశాను. శుక్రవారం తెల్లవారేసరికి దుమ్ముగాలి లేచింది. పైకెక్కి చూస్తే తెల్లచొక్కాలన్నీ ఇటుకరంగుకు తిరిగాయి.

"మిషనుండగా మిద్దెకెందుకు మోసినావక్కా?" అని డ్రైవరు తల పట్టుకున్నాడు.

"ఎండ తగలాల కదా తమ్ముడూ."

"తగిలింది పో, ఎడారంతా తగిలింది."

ఒక చేత్తో చుట్టాల వంట, ఒక చేత్తో చొక్కాలు మళ్ళీ ఉతకడం. మధ్యాహ్నానికి గాలి అణిగింది, ఆట ఉందన్నారు. చొక్కాలు సిద్ధమయ్యాయి కానీ గిన్నెలు గుట్టగా మిగిలిపోయాయి. "ఇవి దించేసి నీకోసం తిరిగొస్తా, చీర కట్టుకో" అని డ్రైవరు వెళ్ళాడు. గిన్నెలు తోమి, చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాను. అతను మాట ప్రకారమే వచ్చాడు. ఇంతలో మామా తన తల్లిని చెయ్యి పట్టి నడిపించుకుని వచ్చి, "యల్లా, పద, ముందు అమ్మను బ్నీద్ అల్ గార్‌లో దింపు" అంది. అతను మళ్ళీ వచ్చేసరికి పొద్దు గూకింది, మగ్రిబ్ అజాన్ వినిపిస్తోంది.

ఆ సాయంత్రం మామా కొడుకు మూట భుజాన వేసుకుని పాడుతూ వచ్చాడు. గెలిచారు. ఆ ఏడాదికి అదొక్కటే గెలుపు. చీరలో ఉన్న నన్ను చూసి పాట ఆపేశాడు. "వచ్చే ఏడాది తప్పకుండా" అన్నాడు.

వచ్చే ఏడాదికి కాలేజీ ఆ జట్టునే ఎత్తేసింది.

ఇప్పుడు మా అమ్మాయికి శుక్రవారం సెలవు. ఎక్కడికి పోదామన్నా టాక్సీ పిలుస్తుంది. ఏ ఆటయినా ఫోనులో చూపిస్తానంటుంది మనవరాలు. అడగడానికి ఆ పిల్లల ఆట ఎక్కడుంది? ఆ మైదానం ఎటువైపు ఉండేదో కూడా నాకు తెలియదు.

గెలిచిన మరునాడు పొద్దున మూట విప్పాను. ఎప్పటి మట్టే, ఎప్పటి గడ్డి పసరే, కానీ అది గెలిచిన మట్టి. ఆ ఆటలో నాకు దక్కింది అంతే. ఒక్క చొక్కా అయినా అలాగే ఉండనివ్వాలని నాకు తోచలేదు. మరక మిగలకుండా అన్నీ ఉతికి, ఈసారి మిషనులోనే ఆరబెట్టి, వచ్చే ఏడాదికని మడతపెట్టి ఉంచాను.