మా చిన్నదాని ఇంటిపేరు

మా ఇంటిపేరు ఏ కాగితంలోనూ లేదు. తమిళనాట మాకుండేది ఇనిషియలే, నాన్న పేరులో మొదటి అక్షరం. పెళ్లి సంబంధాలు మాట్లాడేటప్పుడు మాత్రం ఇంటిపేరు బయటికొస్తుంది, పని కాగానే లోపలికి పోతుంది. తిరుత్తణిలో మగ్గం నేసిన మా నాన్నకు ఇద్దరమూ ఆడపిల్లలమే. "నాతోనే మన ఇంటిపేరు సరి, ఇంక లేదు" అని ఆయన కాఫీ తాగుతూ మామూలుగా అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

తిరువళ్ళూరు దగ్గర నేను పనిచేసే ఫ్యాక్టరీకి చైనా నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. అప్పుడు నాకు రెండో కాన్పు, ఏడో నెల. ఆమె బ్యాడ్జి మీది మొదటి ముక్కే పేరనుకుని నెలరోజులు అలాగే పిలిచాను. అది ఇంటిపేరట! వాళ్లకీ మనలాగే ఇంటిపేరు ముందు, పేరు వెనక. నిండు కడుపు కాకుంటే ఎగిరి గంతేసేదాన్ని.

ఆమె వాళ్ల వంశం పుస్తకంలో ఒక పేజీ ఫోనులో చూపించింది. పాత అచ్చులో ఆడపిల్లల పేర్లు లేవు. కొత్త అచ్చులో ఆమె పేరు ఎక్కింది. అంతేనా, పెద్దకూతురికి భర్త ఇంటిపేరు, చిన్నకూతురికి తన ఇంటిపేరు పెట్టుకుంది. మా వైపు తండ్రి తండ్రి జేజినాయన, తల్లి తండ్రి తాత. వాళ్లకూ అలాగే రెండు మాటలున్నాయి, తల్లి తండ్రిని పిలిచే మాటలో 'బయటి' అని ఉంటుందట. ఆమె చిన్నకూతురు మాత్రం ఆ 'బయటి' తీసేసి పిలుస్తుందట. చెబుతుంటే ఆమె ముఖం వెలిగిపోయింది. నాదీ వెలిగే ఉంటుంది.

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, పుట్టబోయే బిడ్డకు మా ఇంటిపేరు పెడదామా అని మా ఆయనను అడిగేశాను. ఆయన "పెద్దదానికి నా ఇనిషియల్ ఉండాది గదా, దీనికి మీ ఇంటిపేరు పెట్టుకో" అన్నాడు. ఇంత సులువా! పోట్లాటకని దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ వృథా అయ్యాయి.

పాప పుట్టాక మునిసిపాలిటీలో ఇంటిపేరు ముందు, పేరు వెనక రాసిచ్చాను. పేరు ముందు ఊరి పేరు పెట్టుకునేవాళ్లూ ఇక్కడ ఉంటారు కాబట్టి, గుమాస్తా ముందు ముక్కను చూపించి, ఇది ఏ ఊరమ్మా అని తమిళంలో అడిగాడు. ఊరు కాదు సార్, మా నాన్న అన్నాను.

పాపకు మూడో నెలలో పిల్లలిద్దరినీ తీసుకుని, సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని తిరుత్తణి రైలెక్కాను. నాన్న ముఖం ఎలా మారుతుందోనని దారంతా ఒకటే సంబరం. ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు.

"కూతురి బిడ్డకు నా ఇంటిపేరు పెడితే వరసలేం గావల? రేపు సంబంధానికొచ్చినోళ్లకు ఏమని చెప్పేది?" అన్నాడు.

నా ఉత్సాహమంతా నీరుగారిపోయింది. కాగితం లాక్కుని సంచిలో కుక్కుకున్నాను. అంతలో పాప లేచి కేరుమంది. నేను కదిలేలోపే నాన్న దాన్ని ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు.

"ఏడవబాక. జేజినాయన ఉండాడు గదా."

సంచిలో కుక్కిన కాగితాన్ని నేను మెల్లగా బయటికి తీసి మడతలు సరిచేశాను. నాలుగేళ్ల పెద్దది పరుగున వచ్చి ఆయన పంచె పట్టుకుని, నాకు తాతవు, దానికి జేజినాయనవా అని నిలదీసింది.

"నీకూ జేజినాయనే, రా" అని నాన్న రెండో చెయ్యి చాపాడు. పెద్దదానిది ఏ ఇంటిపేరో ఆయనకు అప్పుడు గుర్తే రాలేదు.