కెప్టెన్ ముఖం కత్తిరించినవాడు

సినిమా హాల్లో ముప్ఫై ఏళ్లు ప్రొజెక్టరు తిప్పి దిగిపోయిన ఆపరేటరుకి లోకంలో ఒక్కడే శత్రువు. వాడు తెరమీద తప్ప మరెక్కడా కనబడని జలాంతర్గామి కెప్టెను.

ఆ యుద్ధం సినిమాది నత్తనడక. సముద్రం అడుగున జలాంతర్గామి, పైన శత్రువుల ఓడ, పావుగంటసేపు ఎవడూ నోరు విప్పడు. సగం హాలు గుర్రుపెట్టేది. ఎదురువీధిలో బట్టలు కుట్టే అమ్మాయి మాత్రం రెప్ప వాల్చకుండా పదకొండుసార్లు చూసింది. ఆపరేటరు ధైర్యం చేసి అడిగితే పెళ్లికి ఒప్పుకుంది. ఒప్పుకుంది సరే, ఆ పదకొండు టిక్కెట్లూ ఎవరికోసం కొన్నట్టు? తనకోసమైతే కాదు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి ప్రొజెక్టరు గది కిటికీ వైపు చూస్తేగా!

పెళ్లయ్యాక ఆ సినిమా అదే ప్రింటుతో ఏడాదికోసారి వచ్చేది, ఆవిడా తప్పకుండా వచ్చేది. ఆయనకి ఒళ్లు మండిపోయేది. రీలు తెగినప్పుడు రెండు కొసలూ కాస్త కత్తిరించి అతికించడం ఆపరేటరు పని. తెగిన ప్రతిసారీ, ఒక్కోసారి తెగకపోయినా, కెప్టెను ముఖంలోంచి మూరెడు అదనంగా కోసేవాడు. చివరికి కెప్టెను ఇలా కనబడి అలా మాయమయ్యేవాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇన్నాళ్లకి హాలువాళ్లు ఎక్కడా కోత పడని కొత్త ప్రింటు తెచ్చి, మ్యాట్నీకి దంపతులిద్దర్నీ పిలిచారు. ఆవిడ పొద్దుటే బట్టలు ఇస్త్రీ చేసుకుని, రెండుసార్లు తల దువ్వుకుంది. అరవై దాటిన మనిషికి అద్దంతో అంత పనేమిటని ఆయన గొణుక్కున్నాడు.

"నాకు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయి. ఎలా వెళ్తాం?"

"పడుకోండి. నేనొక్కదాన్నే వెళ్లొస్తా."

దెబ్బకి మోకాళ్లు కుదుటపడ్డాయి.

హాల్లో కెప్టెను ముఖం తెరనిండా పరుచుకుంది. నిమిషమైనా కదలదే! ఆపరేటరు తెర వదిలేసి భార్య ముఖమే చూస్తూ కూర్చున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"పెళ్లయ్యాక వీడు ఇంతసేపు ఉండటం నువ్వు చూళ్లేదు కదూ? ఇన్నేళ్లూ నేనే కోసేశాను."

"ఎవర్ని?"

"ఇంకెవర్ని? నీ కెప్టెన్ని!"

ఆవిడ నవ్విన నవ్వుకి ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగారు.

"వీడా! వీడి మొహం ఎప్పుడు వదుల్తుందా అని కూర్చునేదాన్నండీ. మీరు కోసిపెట్టబట్టేనన్నమాట, మావాడు అంత త్వరగా వచ్చేసేవాడు!"

"మీవాడా? ఎవడు వాడు?"

"అదిగో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని పైన ఓడ చప్పుడు వింటున్నాడే, మూలన, ఆయన. కాసేపు మాట్లాడకండి."

కెప్టెను ఎక్కడ రెప్ప వేస్తాడో కూడా ఆపరేటరుకి కంఠతా వచ్చు. ఆ మూలనున్న మనిషిని మాత్రం అన్నేళ్లలో ఒక్కసారీ పట్టించుకోలేదు. ఇప్పుడు కళ్లజోడు తుడుచుకుని తేరిపార చూశాడు. చూశాక, ఈ అందగాడికన్నా శత్రువుగా కెప్టెనే నయమనిపించింది.