నోరు మూసుకుని ఎక్కిన బస్సు

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైన రెండో ఏటో మూడో ఏటో నేను అక్కడ ఉద్యోగంలో చేరాను. సరుకుల గోదాములో బిల్లులు కొట్టే పని. మాది గోదావరి జిల్లాలో ఏటి ఒడ్డు ఊరు. "అక్కడా తెలుగే కదే, భాష తెలియని దేశమేం కాదుగా" అని అమ్మ ధైర్యం చెప్పి రైలెక్కించింది. నేనూ అలాగే అనుకున్నాను.

చేరిన కొన్నాళ్ళకే ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం ఊపందుకుంది. బందులు, ఊరేగింపులు, రోడ్ల మీద బైఠాయింపులు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. కానీ హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి, అదీ మా వైపుదే, ఒక రోజు పొద్దున జడ వేసుకుంటూ అంది: "బస్సుల్లో నోరు తెరవకే. నువ్వు 'అండీ' అన్నావంటే చాలు, ఎక్కడిదానివో తెలిసిపోద్ది." నీకేమైనా జరిగిందా అని అడిగాను. తనకేం జరగలేదట, ఎవరికో జరిగిందని ఎవరో చెప్పారట. నాకు ఆ మాత్రం చాలు. అద్దం ముందు నిలబడి, 'అండీ' లేకుండా దారి అడగడం ఎలాగో ప్రయత్నించాను. రాలేదు. మా ఊళ్ళో ఎదుటివాణ్ణి తిట్టినా చివర్లో 'అండీ' అంటాం.

గోదాముకి కంపెనీ బండిలో వెళ్ళొచ్చేదాన్ని కాబట్టి చాలా రోజులు ఇబ్బంది రాలేదు. ఒక ఆదివారం పిన్ని భోజనానికి రమ్మంది. వాళ్ళు బడంగ్‌పేట్‌లో కొత్త కాలనీలో అద్దెకు దిగారు. అంతకుముందు ఒకసారి పిన్నే వచ్చి నన్ను బస్సులో తీసుకెళ్ళింది. ఆరాంఘర్ చౌరస్తాలో దిగి, బస్సు మారి, చివరి స్టాపు దాకా పోవడమే. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు కదా అని ఒక్కదాన్నే బయల్దేరాను.

ఆరాంఘర్‌లో జనం విపరీతంగా ఉన్నారు. బస్సులు తక్కువగా తిరుగుతున్నాయి. చివరికి ఒకటి వచ్చింది. దాని ముందు బోర్డు మీద ఉద్యమం పోస్టరు అంటించి ఉంది. పిన్ని చెప్పిన నంబరులో మొదటి అంకెలు మాత్రం కనపడ్డాయి, ఊరి పేరు కనపడలేదు. పక్కన నిలబడ్డ ఆమెను అడిగితే అయిపోయేది. అడగలేదు. వెనకనుంచి తోసుకొచ్చిన గుంపు నన్ను లోపలికి ఎత్తిపడేసింది. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన ఒక పెద్దామె కూర్చుని, ఖాళీ కూరగాయల గంపని మా ఇద్దరి కాళ్ళ ముందు పెట్టింది. నడవాలో మనిషి మీద మనిషి. ఇక లేవడానికి కూడా లేదు.

కండక్టరమ్మ "ఏడికి?" అంది. నోటు చాపి, వేలు ముందుకు చూపించాను. "ఆఖరుకా?" అంది. తలూపాను. టికెట్ మీద సిరా వెలిసిపోయి గీతలు తప్ప ఏమీ లేవు. ఆమె ఇంకేదో అడిగింది, చిల్లర గురించే అనుకుంటాను. నా చెయ్యి అప్రయత్నంగా మెడ మీదికి వెళ్ళింది.

పక్కామె చూసింది. "అయ్యో, మాట రాదా బిడ్డా నీకు?" అంది.

కాదనడానికి నోరు తెరవాలి. నేను కిటికీ వైపు తిరిగాను.

"పాపం, జర ఇడిచిపెట్టమ్మా, పిల్లకు మాట రాదు" అని ఆమే కండక్టరమ్మకు చెప్పింది. నిలబడ్డ వాళ్ళలో ఇద్దరు ముగ్గురు జాలిగా నాలుక చప్పరించారు.

అప్పుడు బస్సు కదిలింది. చౌరస్తాలో కుడివైపు తిరగాల్సింది ఎడమవైపు తిరిగింది. పిన్నితో వెళ్ళిన దారి ఇది కానే కాదు. రెండువైపులా తోటలు, పొడవాటి ప్రహరీ గోడలు. దిగిపోదామంటే గంప, గంప అవతల ఆమె మోకాళ్ళు, వాటి అవతల గోడలా జనం. దించమని అరిస్తే నేను మూగదాన్ని కాదని తెలుస్తుంది. మూగదాన్ని కాకపోతే మరి ఇంతసేపూ ఎందుకు నటించావంటారు. చేతిలో టికెట్ నలిపి నలిపి ముద్ద చేశాను.

ఆమె మాత్రం మాట్లాడుతూనే ఉంది. వాళ్ళది హిమాయత్ సాగర్ దిక్కు ఊరు. పొద్దున్నే ఆకుకూరలు తెచ్చి అమ్ముకుని వెళ్తోంది. ముందు పాలకూర ధర, తర్వాత మోకాళ్ళ నొప్పి, దవాఖానలో ఇచ్చిన మాత్రలు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంటి సంగతులు మొదలుపెట్టింది. తిరిగి చెప్పలేని మనిషి దొరికితే ఎవరైనా అంతేనేమో. కోడలి గురించి, కొడుకు గురించి, ఇంట్లో ఎవరికీ తెలియకుండా తాను చేసిన ఒక పని గురించి చెప్పింది. చెప్పి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను వినకుండా ఉండాలనుకున్నాను కానీ చెవి ఆమె నోటికి జానెడు దూరంలో ఉంది.

కొంతదూరం పోయాక బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక ఆటోలు. డప్పుల మోత వినపడింది. రోడ్డు మధ్యలో పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. రోడ్డు మీదే వండి, అక్కడే తిని, అంతవరకు బండ్లు కదలనివ్వరు. డ్రైవరు ఇంజను ఆపి, బీడీ వెలిగించుకుని దిగిపోయాడు. రేకు కాలిపోతోంది. నా పక్క కిటికీ అద్దం సగంలో ఇరుక్కుని ఇటూ రాదు, అటూ పోదు. చొక్కాలన్నీ తడిసి వాసన. నినాదాలు దగ్గరవుతున్నకొద్దీ నేను సీట్లో కిందికి జారాను. మా హాస్టలమ్మాయి చెప్పినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

బస్సెక్కి వచ్చిందెవరంటే, చేతిలో గరిటె పట్టుకున్న ఒకామె. "దిగుండ్రి, అందరు దిగుండ్రి! గిట్ల ఎండల ఎంతసేపు కూసుంటరు? బువ్వ తిందురు రాండ్రి" అని అరిచింది.

నా పక్కామె నా చెయ్యి పట్టుకుని లేపింది. చెట్టు నీడలో విస్తరాకులు పరిచారు. వేడి అన్నం, టమాట పప్పు, వంకాయ కూర. "గీ పిల్లకు మాట రాదు, అడగనీకి రాదు పాపం, మీరే చూసి పెట్టుండ్రి" అని పెద్దామె వడ్డించేవాళ్ళకు చెప్పింది. వాళ్ళు నా ఆకులో రెండింతలు పెట్టారు. తలవంచుకుని కలుపుకున్నాను.

అప్పుడు ఫోను మోగింది. అమ్మ. ఎత్తలేదు. ఆగింది, మళ్ళీ మోగింది. మళ్ళీ. ఎంతకీ రాకపోయేసరికి పిన్ని కంగారుపడి అమ్మకు చెప్పి ఉంటుంది. ఫోన్ ఆపేద్దామంటే కుడిచెయ్యి ఎంగిలి, ఎడమచేతికి మీట దొరకడం లేదు.

"ఎవలో పరేషాన్ అయితున్నరు బిడ్డా. తే, నేను మాట్లాడ్త" అంటూ పెద్దామె నా ఒళ్ళోంచి ఫోను తీసుకుంది. "హలో! ఎవలు? అమ్మనా? మీ బిడ్డ నా పక్కన్నే ఉన్నదమ్మా. రంది పెట్టుకోకు. దానికి మాట రాదు గదా, అందుకే నేనే మాట్లాడుతున్న."

అవతలినుంచి అమ్మ పెట్టిన కేక ఆకుల ముందు కూర్చున్న వాళ్ళందరికీ వినపడింది. "మాట రాకపోడమేంటండీ! పొద్దున్న కూడా మాట్టాడిందండీ! ఏమైందండీ నా కూతురికి? మాట పడిపోయిందా? ఓరి దేవుడో!"

నేను ఫోను లాక్కున్నాను. "అమ్మా, ఏం కాలేదే. బానే ఉన్నాను. బస్సు ఆగింది. తర్వాత చేస్తాను" అన్నాను. అంతే. కానీ ఆ నాలుగు ముక్కల్లో మా ఊరంతా ఉంది.

చుట్టూ చేతులు ఆకుల మీదే ఆగిపోయాయి. గరిటె పట్టుకున్నామె నన్నే చూస్తోంది. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి, ఎటో తెలియదు.

"నీకు మాటొస్తదా?" అంది పెద్దామె.

"వస్తుందండి."

"మరి గింతసేపు?"

"భయమేసిందండి."

"ఎవలను జూసి? నన్నా?"

ఆమె మొహంలో కోపం కనపడింది, నొచ్చుకున్నట్టూ కనపడింది. అంతలోనే అది మారిపోయింది. ఆమె చెయ్యి నోటిమీదికి వెళ్ళింది. "అయ్యో, నా ఇంటి ముచ్చటంతా నీకు జెప్తి గదనే!"

గరిటెతో నిలబడ్డామె పకపకా నవ్వింది. "ఏం జెప్పినవక్కా? మాకు గూడ జెప్పు" అంది. మిగతావాళ్ళూ నవ్వారు. పెద్దామె నవ్వలేదు. నా దగ్గరికి జరిగి, చెవిలో, "ఎవ్వలికి చెప్పకు బిడ్డా. నీ కాళ్ళు మొక్కుత" అంది.

"చెప్పనండి. ఒట్టండి" అన్నాను. ఇన్నేళ్ళయినా చెప్పలేదు. ఇక్కడా రాయను.

ఒకరికొకరం భయపడుతూ పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాం. ఎండ వాలాక దారి వదిలారు. బడంగ్‌పేట్ వెళ్ళాల్సినదాన్ని తప్పు బస్సెక్కానని అప్పుడు ఆమెకు చెప్పాను. ఆమె నన్ను మళ్ళీ మా బస్సు ఎక్కనివ్వలేదు. "నువ్వు పోయేది అటు గాదు" అని, రోడ్డు దాటించి, ఆరాంఘర్ వైపు వచ్చే బస్సును చెయ్యెత్తి ఆపింది. నేను మెట్టు మీద కాలు పెట్టేసరికి వెనకనుంచి ఆమె గొంతు బస్సంతా వినపడేలా లేచింది: "కండక్టరన్నా! గీ పిల్ల ఆంధ్రా పిల్ల! బడంగ్‌పేట పోవాలె, దారి తెల్వదు! చౌరస్తల దించి సక్కటి బస్సు జూపియ్యి!"

బస్సులో ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. తలుపు దగ్గర నన్ను నేను దాచుకోవడానికి ఏమీ లేదు. "ముందలికి జరుగమ్మా, తలుపు కాడ నిలవడకు" అన్నాడు కండక్టరు. తలలు మళ్ళీ కిటికీల వైపు తిరిగిపోయాయి.

పిన్నింటికి చేరేసరికి అన్నం చల్లారిపోయింది. తిని వచ్చానంటే నమ్మలేదు. భయం ఆ ఒక్క రోజుతో పోయిందని చెప్పను. చాలా నెలల పాటు బస్సెక్కగానే ముందు నాలుగు గొంతుల యాస విని గానీ నోరు తెరిచేదాన్ని కాదు. కానీ ఎక్కేముందు మాత్రం, ఏ ఊరి బస్సైనా, అడిగే ఎక్కేదాన్ని.