దండెం మీదికి రాని గుడ్డలు

మొన్న మా మనవడికి జలుబు చేసింది. ముక్కు కారడం, కాస్త దగ్గు, ఒళ్ళు కొంచెం వెచ్చన, అంతే. వాడు మాత్రం ఇల్లంతా తిరుగుతూ నా కళ్ళజోడు పీకుతూనే ఉన్నాడు. మా అమ్మాయి ఫోనులో పిల్లల డాక్టరుకు రెండు ముక్కలు రాసి పంపితే కాసేపటికి జవాబు వచ్చింది. దగ్గు మందు ఏదీ అక్కర్లేదట, పాలూ నీళ్ళూ మానకుండా పట్టమన్నారట, ఆయాసం వచ్చినా, తాగడం మానేసినా, జ్వరం ఎక్కువైనా మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారట. సరేనని ఫోను పక్కన పెట్టి తన పనిలో పడింది. అడగడానికి అది సిగ్గుపడలేదు, అడిగినందుకు ఎవరూ నవ్వలేదు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న నాకు మాత్రం ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎందుకో చెబుతాను, మీరు నా ఈడువాళ్ళయితే సగం చెప్పకముందే మీకు అర్థమవుతుంది.

నేను పాకాలలో పెరిగాను. మా నాయన రైల్వేలో పనిచేసేవారు కాబట్టి మా ఇంట్లో ఎవరు తుమ్మినా రైల్వే ఆస్పత్రికే పోయేవాళ్ళం. ఇంటి నుంచి ఖాళీ సీసా తీసుకుపోతే అందులో ఎర్రటి మందు పోసి, మోతాదు తెలిసేలా పళ్ళుపళ్ళుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించి ఇచ్చేవారు. ఆ మందు కాస్త తియ్యగా ఉండేది కనక మేము పిల్లలం లేని దగ్గు తెచ్చుకున్న రోజులు కూడా ఉన్నాయి. మందంటే అలా కుళాయి తిప్పినంత సులువని అనుకుంటూ పెరిగినదాన్ని, తిరుపతిలో తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇంటికి కోడలినై వచ్చాను. అక్కడ పిల్లల వైద్యం మొత్తం మా అత్తగారి చేతిలో ఉండేది.

ఆమె పద్ధతి ఆమెది. తెల్లవారి స్నానం చేసి మడి కట్టుకున్నాక పెరట్లోకి వచ్చి, దండెం మీద ఎన్ని పసిగుడ్డలు ఆరేసి ఉన్నాయో చూసేది. మడిలో ఉంది కాబట్టి తాకదు, దూరంగా నిలబడి ఉతకని గుడ్డ ఒకటి విప్పి చూపించమనేది. రంగు చూసి, నీళ్ళగా ఉందా జిగటగా ఉందా చూసి, వాము నీళ్ళు పట్టాలో, ఏమీ ఇవ్వకుండా ఊరుకోవాలో, ఆస్పత్రికి పంపాలో అక్కడికక్కడే తేల్చేది. ఆస్పత్రి అంటే ఆమెకు విరోధమేమీ లేదు. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా గ్రహించాను.

మా అమ్మాయి పుట్టిన ఏడాదే చలికాలంలో దానికి జలుబు చేస్తే నేను ఎవరికీ చెప్పకుండా రిక్షా పిలిచి డాక్టరు దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, దీనికి మందెందుకమ్మా, పాలు పట్టి వెచ్చగా పడుకోబెట్టు, దానంతటదే పోతుంది అని పంపేశారు. అంతటితో పోయేదే. తర్వాత చిత్తూరులో బంధువుల పెళ్ళిలో, పంక్తిలో అందరూ భోజనాలు చేస్తుండగా మా అత్తగారు ఈ కథ ఎత్తుకుంది. "మా కోడలు రైలాస్పత్రి బిడ్డ గదా, పాప తుమ్మితే సాలు, రిక్షా వాకిట్లో ఉండాల" అంది. ఆమె ముద్దుగానే అంది, ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వే వస్తుంది. ఆవేళ మాత్రం పంక్తి పంక్తంతా నవ్వుతుంటే ఆకులో వడ్డించింది ఏమిటో కూడా చూడకుండా తల వంచుకుని తిన్నాను. పెద్దింటి కోడలిననిపించుకోవాలన్న రోషం ఉన్న వయసది. ఇకమీదట బిడ్డకు ఏమొచ్చినా గాబరా పడనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను.

మరుసటి ఎండాకాలం దానికి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడే పళ్ళు వస్తున్నాయి. పళ్ళు వచ్చేటప్పుడు ఇవన్నీ మామూలేనని వీధిలో ఎవరిని అడిగినా అనేవారు. మొదటి రోజు నేనూ అలాగే అనుకున్నాను. రెండో రోజుకు లోపల భయం మొదలైంది, కానీ ఆ భయం బిడ్డ గురించి ఎంతో, మళ్ళీ నవ్వుతారేమోనని కూడా అంతే. మావారు కొండమీద డ్యూటీలో ఉన్నారు. అత్తగారు చూస్తే గాబరా అంటుందని, ఆమె స్నానం ముగించి వచ్చేలోపలే గుడ్డలన్నీ ఉతికేసి, సగం మాత్రం దండెం మీద వేసి, మిగతావి మా గదిలో మంచం పట్టెల మీద ఆరేశాను. ఆమె రోజూలాగే పెరట్లోకి వచ్చి అడిగింది, ఎట్లుండాది పాపకి అని. బాగానే ఉందత్తా, ఒకటి రెండు అయినాయంతే అన్నాను. ఆమె నమ్మింది. నమ్మకుండా ఎలా ఉంటుంది, తల్లిని నేను కదా. పైగా నీళ్ళిస్తే ఇంకా పోతాయని పాలు తగ్గించాను, నీళ్ళు మానేశాను. ఆ తెలివి ఎవరిచ్చారో గుర్తులేదు గాని, చేసింది మాత్రం నేనే.

ఆ పొద్దున అత్తగారు కాలినడకన కొండెక్కే చుట్టాలను సాగనంపడానికి అలిపిరి దాకా వెళ్ళి, ఎండ నెత్తికెక్కే వేళకు తిరిగి వచ్చింది. స్నానం చేసి మళ్ళీ మడి కట్టుకుంటూనే పాప ఏడుపు విని, ఆ మడితోనే వచ్చి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. అది ఏడుస్తోంది గాని కంట్లో చుక్క నీరు లేదు. ఆమె దాని ఎండిపోయిన నోట్లో వేలు పెట్టి చూసింది, గుంటపడిన నడినెత్తి తడిమి చూసింది. నన్ను ఒక్క మాట అడగలేదు. మడి చీర మార్చుకోకుండానే బిడ్డను భుజాన వేసుకుని, చెప్పులైనా లేకుండా ఆ ఎండలో వీధి చివరికి పోయి రిక్షా ఎక్కింది. నేను వెనకే పరుగెత్తి పక్కన కూర్చున్నాను. ఎవరినీ తాకని వేళ ఎవరెవరో కూర్చుని పోయే రిక్షాలో ఆమె కూర్చోవడం నేను చూసిన మొదటిసారి అదే.

ఆస్పత్రిలో బిడ్డకు సెలైన్ పెట్టారు. డాక్టరు ఎప్పటినుంచి, ఎన్నిసార్లు అని అడిగారు. అత్తగారు తనకు తెలిసింది చెప్పబోయింది. అప్పుడిక దాచడానికి వీల్లేక, ఆమె ఎదుటే, మంచం పట్టెల మీది గుడ్డలతో సహా అంతా చెప్పాను. పొద్దున్నే ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పడుతూ తీసుకొచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదన్నారు డాక్టరు. ఆయన అటు వెళ్ళాక అత్తగారు నా వైపు చూసి నెమ్మదిగా అడిగింది. "నేను నవ్వతానని బిడ్డకి బాగలేనిది దాచిపెట్నావా అమ్మా?" తిట్టి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆమె నా గురించి గాని, ఇంకే కోడలి గురించి గాని నలుగురిలో నవ్వుతాలు ఆడగా నేను వినలేదు.

బిడ్డ దక్కింది. నా సిగ్గు అక్కడితో తీరిపోయి ఉంటే ఇదంతా మీకు చెప్పే పనే లేదు. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ, ఆ పెద్దామె వాము నీళ్ళంటూ కూర్చుని ఆలస్యం చేసింటుంది, పాపం ఈ చిన్నపిల్ల ఏం చేస్తుంది అన్నారు. పాకాల నుంచి వచ్చిన మా అమ్మ అయితే ఆమె ముఖం మీదే అంది. అత్తగారు ఔనని అనలేదు, కాదని అనలేదు, వచ్చినవాళ్ళకు కాఫీలు ఇమ్మని నాతో చెప్పి లోపలికి పోయింది. నేను కాఫీలు ఇచ్చాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఆమె పోయేంతవరకూ గడిపేశాను.

మా అమ్మాయికి ఈ కథ తెలుసు, కానీ మా అమ్మ చెప్పినట్టుగా తెలుసు. మొన్న డాక్టరు జవాబు చదివాక నవ్వుతూ అంది. "మా కాలం నయం అమ్మా. అవ్వ చేతిలో పడి ఉంటే వీడికి కూడా నా గతే పట్టుండేది." నేను చిక్కుడు ఈనెలు తీస్తూ ఊ అన్నాను.

రోజులు మారాయి, మంచికే మారాయి. బిడ్డకు మందు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలియకపోతే తల్లి అడుగుతోంది, తెలిసినవాళ్ళు చెబుతున్నారు. మధ్యలో ఎవరి నవ్వుకూ భయపడే పని లేదు. ఆ ధైర్యం చూసి ముచ్చటపడతాను. నా ధైర్యం మాత్రం ఇంతే, మీకు చెప్పగలిగాను, పక్క గదిలో ఉన్న నా కూతురికి ఇంకా చెప్పలేదు.